ఆకలి మందు: దినం జావ

పోయిన వారం ఇంద్రాణిని తర్రెం దాటాక అడవిబాటలో, నడినెత్తిన ఎండలో ఒంటరిగా వదిలేసి ఎవరి పనులు వాళ్లం చూసుకున్నాం. ఆమె ఎక్కడికి నడుస్తోందో మరిచిపోయినవాళ్లకూ, ఈ వారమే పత్రిక చేతబట్టినవాళ్లకూ నాలుగు ముక్కలు చెప్పి కథలోకి పోతాను.

ఇంద్రాణి బచేలిలో ఇనుప గని క్వార్టర్లలో పుట్టి పెరిగింది. ఇప్పుడు హైదరాబాదులో ఒక మందుల కంపెనీలో సైంటిస్టు. మన ఒంట్లో ఒక ఎంజైము ఉంటుంది. కడుపు మాడినప్పుడు అది మేలుకుంటుంది, కణాల్లో చెడిందాన్ని బాగుచేస్తుంది, ముసలితనాన్ని కాస్త వెనక్కి నెడుతుంది. కడుపు మాడ్చుకోకుండానే దాన్ని మేలుకొలిపే ఒక చిన్న అణువును ఇంద్రాణి తయారుచేసింది. ఆకలి పడకుండా ఆకలి ఫలం కావాలనే మారాజులకు నగరాల్లో కొదవా? కానీ మందు పని చేస్తుందో లేదో చూడటానికి మాత్రం కంపెనీకి బస్తరు అడవిలో ముసలివాళ్లు కావలసి వచ్చారు.

ముసలివాళ్లకు మేలే జరిగింది. కర్ర లేనిదే లేవలేని బుధ్రా మళ్లీ గొడ్డలి పట్టి కట్టెలు కొట్టాడు. అంతలో పడుచువాళ్లకు కళ్లు తిరగడం మొదలైంది. బుధ్రా కొడుకు మాసా తునికాకు కల్లంలో ఆకు కట్టలు మోస్తూ కూలిపోయాడు, ఆస్పత్రికి చేర్చాక చనిపోయాడు. అక్కడ తీసిన రక్తాన్ని ఇంద్రాణి పరీక్షించి చూస్తే చక్కెర అడుగంటి ఉంది. ఆమె మందు మాత్రం నిండుగా ఉంది. ముసలివాళ్లకిచ్చిన గోళీ పడుచువాడి రక్తంలోకి ఎలా వచ్చింది? ఆ ప్రశ్న వెంటబెట్టుకునే ఆమె బుధ్రా ఊరికి నడుస్తోంది.

ఊళ్లో అడుగుపెట్టగానే మొదట వినబడింది దెబ్బ. కాసేపాగి ఇంకొకటి. కట్టె మీద కర్ర పడిన చప్పుడు వేరు, మనిషి మీద పడిన చప్పుడు వేరు. ఇంద్రాణి పరుగెత్తింది.

బుధ్రా ఇంటి ముందు ఇప్పచెట్టుకు పొజ్జేని కట్టేశారు. చేతులు వెనక్కి విరిచి మోకుతో బిగించారు. రవిక భుజం దగ్గర చిరిగి, వీపంతా వాతలు తేలి ఉంది. నోట్లోంచి రక్తం గడ్డం మీదుగా కారి చీర మీద ఎండిపోయింది. ఎదురుగా మాసా పినతండ్రి కొడుకు జోగి నిలబడ్డాడు. అతని గుప్పిట్లో గుండ్రాయి, అతని కాళ్ల దగ్గర మట్టిలో ఆమె ముందుపళ్లు.

పొజ్జే ఆ ఊరి మితానిన్. అంటే జ్వరమొస్తే మాత్ర, కాన్పుకు తోడు, టీకాల నాడు ఇల్లిల్లూ తిరిగి పిలుపు, అన్నిటికీ ఆమే. ఆమె మాట ఊరు నమ్ముతుందనే కంపెనీ గోళీలు ఆమె చేత ఇప్పించింది. ఇప్పుడు ఆ చేయే ఆమె మెడకు చుట్టుకుంది. ఉరుము ఉరిమి మంగలం మీద పడిందంటారే, అట్లా.

మంత్రగత్తె పళ్లు రాలగొడితే మంత్రం నోట పలకదని నమ్మకం. అడవి మనుషులు గదా అని ముక్కు మీద వేలేసుకోకండి. గోదావరికి ఇవతల కరెంటూ కాలేజీలూ ఉన్న ఊళ్లలో మనవాళ్లు పటకార్లతో పీకిన పళ్ల కబుర్లు పేపర్లో చదివి, కాఫీ తాగి, పేజీ తిప్పినవాళ్లమే మనం.

"మేడమ్ జీ! ఇంత దూరం ఎందుకు తక్లీఫ్ పడ్డరు?"

వినోద్ నులకమంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు. గీదం వాడు. తల్లి భద్రాచలం వైపు మనిషి కాబట్టి తెలుగు వచ్చు; మిరప కోతలకు గోదావరి దాటే ఈ ఊరివాళ్లకూ వచ్చు. ఇక్కడ కంపెనీ పనులన్నీ అతని చేతుల మీదే నడుస్తాయి.

"ఏం చేస్తున్నారు మీరు? ఆమెను విప్పండి!" ఇంద్రాణి చెట్టు వైపు దూసుకుపోయింది.

జోగి అడ్డం వచ్చాడు. "ఆగు. దినం జావ తాగకుంట ఈడ ఎవ్వలు మాట్లాడొద్దు."

అది ఆ ఊరి కట్టు. చావు జరిగిన ఇంటి బంధుగణమంతా దినం నాటి జావ కుండ దించేదాకా పస్తు ఉంటుంది. ఆ నాడు అందరూ ఒకే కుండలోంచి తాగుతారు. తాగినవాళ్లకే పంచాయితీలో నోరెత్తే హక్కు. పొజ్జేకి మాత్రం ఎవరూ పోయలేదు. మంత్రగత్తెతో కుండ పంచుకుంటారా?

మాసా భార్య హిడ్మే కుండ దగ్గర కూర్చుని ఉంది. కడుపుతో ఉన్న పిల్ల. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి. ఇంద్రాణికి ఆకుదొప్పలో జావ పోసి ఇచ్చింది. పొద్దున దించిన జావ, నీళ్లపాలే ఎక్కువ. ఇంద్రాణి ఒక్క గుక్కలో తాగేసింది. కొంచెం చేదుగా తగిలింది. ఎండకు నోరు చేదెక్కిందనుకుంది.

"ఇప్పుడు వినండి," అంది. "మాసాని పొజ్జే చంపలేదు. మందు చంపింది. నేను చేసిన మందు."

జనంలో గుసగుస లేచింది. వినోద్ మంచం మీంచి లేచి నిదానంగా బుధ్రా దగ్గరికి వెళ్లాడు. ముసలాయన గుమ్మం ముందు చూరు నీడన దుంగ మీద కూర్చుని ఉన్నాడు. గొడ్డలి ఒళ్లో ఉంది.

"బుడ్డా, ముసలోడా, నువ్వే చెప్పు. గోళీ తిన్నదెవరు? నువ్వు. సచ్చిందెవరు? నీ కొడుకు. నడుమ ఉన్నదెవరు? ఇగో, ఈ టోన్హీ, మంత్రగత్తె. మోకాళ్లు పోయి మూలకు కూసున్నోడివి, ఇప్పుడు గొడ్డలి పట్టినవ్. యాడికెళ్లి వచ్చింది నీకీ తాకత్? నీ కొడుకు పాణం పిండి నీకు పోసింది ఇది!"

ఆ మాట జనంలోకి కత్తిలా దిగింది. బుధ్రా తల ఇంకా కిందికి వంగింది. కొడుకు పోయిన ఇంట్లో తాను ఆరోగ్యంగా ఉండటమే అతనికి తలవంపుగా ఉంది. ఆ సిగ్గుకు వినోద్ ఒక పేరు పెట్టి చేతికిచ్చాడు.

జోగి రాయి ఎత్తాడు. ఇంద్రాణి పొజ్జే మీదకు వాలి అడ్డం పడింది. రాయి ఆమె భుజం మీద పడింది. ఎముక కలుక్కుమంది. నేల మీదకు జారిపోతుంటే వినోద్ జుట్టు పట్టి పక్కకు ఈడ్చాడు. ఫోన్ లాక్కుని రాతికేసి కొట్టాడు. తర్వాత ప్రేమగా లేపుతున్నవాడిలా వంగి, ఎవరికీ వినబడకుండా చెవిలో చెప్పాడు.

"ఇది సస్తే కేసు ఊళ్లోనే ఖతం. అడవోళ్లు టోన్హీని చంపుకున్నరంటే ఎవ్వడూ పట్టించుకోడు. మీరు బయటపడ్తరు, నేను బయటపడ్త. చుప్ ఉండండి మేడమ్."

నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం ఆ మాట ఆమెకు రుచించింది. ఎన్నేళ్లో పడ్డ శ్రమ, పేరు, జైలు భయం, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. ఆ క్షణాన్ని దాచిపెట్టి ఆమెను దేవతను చేయడం నాకు ఇష్టం లేదు. పొజ్జే మూలిగింది. ఇంద్రాణి వినోద్ చెయ్యి కొరికి విడిపించుకుంది.

ఆమె ముందు ఇప్పుడు ఒక్కటే దారి ఉంది. అడవిబాటలో నడుస్తూ నడుస్తూ అనుమానించిందే, అడగడానికి నోరు రానిదే ఇప్పుడు అడగాలి. గోళీ మాసాకు చేరాలంటే ఒక్క చేతిలోంచే చేరాలి. పొజ్జే బతకాలంటే ఆ చేయి ఎవరిదో ఈ జనం ముందు బయటపడాలి.

"తాతా," అంది బుధ్రా ముందు మోకాళ్ల మీద కూలబడి. "పొజ్జే ఇచ్చిన గోళీ నువ్వు మింగేవాడివా?"

బుధ్రా తలెత్తాడు. అబద్ధం ఆడటం తెలియని కళ్లు. "మింగలే."

"పొజ్జే తన ముందే మింగమనేది కదా?"

"ఆమె ముంగట బుగ్గల పెట్టుకునేటోణ్ణి. ఇంటికొచ్చి చిదిపి జావ కుండల ఏసేటోణ్ణి."

"ఎందుకు తాతా?"

"ఎందుకేంది బిడ్డా?" ముసలాయనకు నిజంగానే ఆశ్చర్యం వేసింది. "బలం గోళీ అన్నరు. ఇంట్ల కొడుకున్నడు, కోడలున్నది, కడుపుల పిల్లగాడున్నడు. నేనొక్కణ్ణే దొంగ లెక్క మింగుతనా?"

ఇంద్రాణి కళ్లు మూసుకుంది. హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చుని ఎంతమంది ఎన్ని నెలలు చర్చించారో! గుండె జబ్బు ఉందా, పొగ తాగుతారా, అన్నీ ఆలోచించారు. తినేదేదైనా ఇంటిల్లిపాదికీ పంచేవాడు మందును మాత్రం ఒక్కడే ఎలా మింగుతాడని ఒక్కరికీ తట్టలేదు. ఆమెకూ తట్టలేదు.

"అది బలం గోళీ కాదు తాతా. మన ఒంట్లో ఒక పనోడు ఉంటాడు. తిండి దొరకనప్పుడే లేస్తాడు. లేచి చెడిపోయిందాన్ని బాగుచేస్తాడు, ఉన్నదాంతో ఒళ్లు నడిపిస్తాడు. నా గోళీ ఆ పనోణ్ణి లేపుతుంది, అంతే."

బుధ్రా ఎండిన డొక్క తడుముకున్నాడు.

"మా ఒంట్ల ఆ పనోడు ఎన్నడు పండుకున్నడు బిడ్డా?"

ఇంద్రాణి ఆ డొక్కలో తేలిన ఎముకలను చూసింది.

"నువ్వు నీడపట్టున ఉంటావు, నీకు సరిపోయింది," అంది. "మాసా పొద్దంతా ఎండలో, ఖాళీ కడుపుతో ఆకు మోశాడు. అసలే మేలుకుని ఉన్న పనోణ్ణి నా గోళీ కొరడా పెట్టి కొట్టింది. ఒంట్లో ఉన్న కాస్త చక్కెరా ఊడ్చేసింది."

"అంటే నా చేత్తోనే."

ఆమె అతని కాళ్లు పట్టుకుంది.

"చెప్పు బిడ్డా. నా చేత్తోనేనా?"

"నీ చేత్తోనే తాతా. తప్పు మాత్రం నాది. నేను నిన్ను అడగలేదు. ఒక్క మాట అడగలేదు."

బుధ్రా తన కుడిచేతిని ఒళ్లోంచి ఎత్తి, వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకున్నాడు. పొజ్జే చెట్టుకు తల ఆనించి ఏడుస్తోంది.

"ఝూట్!" వినోద్ అరిచాడు. "టోన్హీని కాపాడనీకి చెప్తుంది! జోగీ, ఏం చూస్తున్నవ్? కొట్టు!"

జోగి కొట్టలేదు. పెదనాన్న ముఖం వైపే చూస్తున్నాడు. బుధ్రా మాత్రం ఎవరి మాటా వినడం లేదు. అతని కళ్లు మెల్లగా కుండ వైపు తిరిగాయి.

"బిడ్డా," అన్నాడు. "మరి పెట్టె సంగతేంది?"

"ఏ పెట్టె?"

"మాసా పోయినంక వినోద్ సాబు పొజ్జే ఇంట్ల ఉన్న గోళీల పెట్టె తెచ్చి నాకిచ్చిండు. పోలీసోళ్లు వస్తరు, అడవిల పూడ్చమన్నడు. బలం తీస్కపోయి మన్నుల పెడ్తనా? దినానికి సుట్టాలందరు కడుపులెండి వస్తరు గదా అని..." ముసలాయన కుండ వైపు వేలెత్తాడు. "అన్నీ చిదిపి ఏసిన. పొద్దుగాల. అందరు తాగిన్రు. నువ్వు గూడ తాగినవ్ గద బిడ్డా."

ఇంద్రాణి నాలుక మీద ఆ చేదు మళ్లీ తెలిసింది.

తనకేమీ కాదని ఆమెకు తెలుసు. దారిలో హోటల్ దగ్గర పోహా, జిలేబీ తిని వచ్చింది. వినోద్‌కూ ఏమీ కాదు, అతనూ కడుపునిండా తినే వచ్చాడు. పొజ్జే జావ తాగనే లేదు. ఇక మిగిలిన ఊరంతా, ఆడా మగా, చావు కబురు విన్నప్పటి నుంచీ పస్తు. పొద్దున్నుంచి ఎండలో నిలబడి ఉన్నారు.

"అందరూ కూర్చోండి!" ఆమె అరిచింది. "కదలకండి! ఏమన్నా తినండి, ఇళ్లల్లో ఏముంటే అది..."

కుండ దగ్గర కొబ్బరిచిప్ప గరిటె కింద పడింది. హిడ్మే దాన్ని తీయడానికి వంగి, అట్లాగే ముందుకు ఒరిగిపోయింది. ఒళ్లంతా చెమట. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి.

సరిగ్గా అప్పుడే పొజ్జే తలెత్తి అటు చూసింది.

"చూసిన్రా!" వినోద్ రెండు చేతులూ పైకెత్తాడు. "చూపుతోనే పడగొట్టింది! కడుపుతోటి ఉన్నదాన్ని! ఇంకెంతమందిని మింగాలె అది? మారో!"

భయం తలకెక్కితే మనిషికి విన్నది గుర్తుండదు. జనం చెట్టు మీద పడ్డారు. కర్రలు లేచాయి. ఒక దెబ్బకు పొజ్జే నుదురు చిట్లింది. ఇంకో దెబ్బ మోచేతి మీద పడి ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. అయినా ఆగలేదు. ఇంద్రాణిని ఎవరో తోసేశారు, ఎవరో తొక్కుకుంటూ పోయారు.

బుధ్రా లేచాడు.

గొడ్డలి పట్టుకుని అతను వస్తుంటే జనం దారిచ్చారు. కొడుకు పోయినవాడు, మొదటి హక్కు అతనిది. పొజ్జే ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఆమె ఒంటికన్నుతో చూసింది. రెండో కన్ను రక్తంతో మూసుకుపోయింది.

అతని మనసులో ఏం నడిచిందో నేను చెప్పగలను. పొజ్జే మంత్రగత్తె అయితే అతని చేతికి ఏ పాపమూ లేదు. ఒక్క వేటు వేస్తే చాలు, కొడుకును చంపింది ఆమేనని ఊరంతా తరతరాలు చెప్పుకుంటుంది. తనను చూసి జాలిపడుతుంది. ఇంతకంటే తేలికైన దారి ఏ తండ్రికీ దొరకదు. వినోద్ ఆ దారిని ఊడ్చి, నీళ్లు చల్లి మరీ చూపిస్తున్నాడు.

"కొట్టు బుడ్డా!"

గొడ్డలి లేచింది. ఇంద్రాణి కేక పెట్టింది.

వేటు చెట్టు మీద పడింది. మోకు తెగి పొజ్జే ముందుకు కూలింది. బుధ్రా ఆమెను ఎడమచేత్తో పట్టుకుని ఆపాడు.

"లే పొజ్జే," అన్నాడు. "నా కోడల్ని చూడు. నువ్వొక్కదానివే ఆ జావ తాగలే."

పొజ్జే మాట్లాడబోతే నోట్లోంచి రక్తం వచ్చింది. ఉమ్మేసింది. "ఇప్పపువ్వు," అంది. "ఇంటింటికి ఉన్నది గదా. తీపి. నానేసి పిసికి నోట్ల పెట్టున్రి. జల్ది."

విరిగిన చెయ్యి వేలాడుతుండగానే ఆమె బుధ్రా ఇంట్లోకి దూరి ఎండు ఇప్పపువ్వు బుట్ట ఈడ్చుకొచ్చింది. ఆ బుట్ట ముందుకే జోగి కూలాడు. ఇందాకటి గుండ్రాయి ఇంకా అతని గుప్పిట్లోనే ఉంది. పొజ్జే దాన్ని తీసి పక్కన పడేసి, నీళ్లలో పిసికిన పువ్వు అతని చెంపలోకి వేలితో తోసింది.

వినోద్ మెల్లగా తన మోటారు సైకిలు వైపు జరుగుతున్నాడు. తాళం తిప్పేలోగా ఒక కర్ర గాలిలో తిరుగుతూ వెళ్లి అతని మోకాలి వెనక తగిలింది. పడ్డాడు. ఇంతసేపూ పొజ్జేని కొట్టిన చేతులే ఇప్పుడు అతని మీద పడ్డాయి. కాళ్లు పట్టి ఈడ్చారు, ముఖం మీద తన్నారు. "బచావ్! మేడమ్! మేడమ్ జీ!" అని అతను అరుస్తూనే ఉన్నాడు. కొంతసేపటికి దెబ్బలు పలచబడ్డాయి. జాలి పుట్టి కాదు. కొట్టేవాళ్లు ఒక్కొక్కరే చెమటలు పట్టి, కర్రలు జారవిడిచి, అతని పక్కనే కూలిపోతున్నారు.

నిలబడి పరుగెత్తగలిగినవాళ్లు ఇళ్లల్లోంచి బుట్టలు తెస్తున్నారు. పొజ్జే ఒంటిచేత్తో ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి పాకుతోంది.

ఇంద్రాణి హిడ్మే తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పళ్లు గట్టిగా కరుచుకుపోయి ఉన్నాయి. పెదవుల సందులోంచి ఇప్పపువ్వు రసం బొట్టు బొట్టుగా పోస్తూ గొంతు నిమురుతోంది. ఒక్కసారికి ఎక్కువ పోస్తే ఊపిరి గొట్టంలోకి పోతుంది. తల పక్కకు తిప్పి పట్టుకోకపోయినా అంతే. "మింగు తల్లీ, మింగు," అంటోంది. ఆమెకు ఇప్పుడు మందూ వద్దు, పేరూ వద్దు. ఈ ఒక్క గుటక పడితే చాలు. గొంతు కాస్త కదిలినట్టయింది. ఇంకో బొట్టు పోసింది.

అప్పుడు ఎందుకో తలెత్తి గుమ్మం వైపు చూసింది.

బుధ్రా మళ్లీ ఆ దుంగ దగ్గరే ఉన్నాడు. కూర్చోలేదు, మోకాళ్ల మీద ఉన్నాడు. రోజూ కట్టెలు పెట్టి చీల్చే చోట కుడిచేయి చాచి పెట్టాడు. అరచేయి పైకి ఉంది. జావలో గోళీ చిదిపిన చేయి.

"తాతా!" ఇంద్రాణి అరిచింది. "వద్దు తాతా! ఆగు!"

లేవబోయింది. హిడ్మే తల జారి, గొంతులో గురక లేచింది. ఇంద్రాణి మళ్లీ పట్టుకుంది. చుట్టూ చూసింది. పొజ్జే దూరంగా ఎవరిమీదో వంగి ఉంది. నిలబడి ఉన్నవాళ్లు ఇంకెవరూ లేరు.

బుధ్రా ఆమె వైపు చూడలేదు. ఎడమచేత్తో గొడ్డలి పట్టడం అతనికి అలవాటు లేదు. పిడి మీద పట్టు సరిచేసుకున్నాడు.